దించకుండా దిద్దిన బోర్డు

నాకు ఇంగ్లీషు రాదు. అయినా ముప్ఫై ఏళ్ళకు పైగా ఆంధ్రా సరిహద్దు అవతల కోంటా నుంచి దంతెవాడ దాకా దుకాణాల మీద, బడి గోడల మీద, ఆసుపత్రి తలుపుల మీద ఇంగ్లీషు రాసింది నేనే. ఈ మాట చెప్తే ఈ కాలం పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి, నేనూ వాళ్ళతో కలిసి నవ్వుతాను.

నేను బోర్డుల పెయింటర్ని. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు, అందుకని కుంచె పక్కన పెట్టేశాను. మా బజారులో ఇప్పుడు అంతా ఫ్లెక్స్ దుకాణాలే. వాటిలో పనికి చేరిన అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి రంగుల గురించి అడుగుతుంటారు. మొన్న ఒకమ్మాయి, "తాతా, కంప్యూటర్ లేకుండా స్పెల్లింగ్ ఎట్ల సరి చూస్కునేటోళ్ళు?" అంది. చూసుకునేవాళ్ళం కాదమ్మా అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది. ఆమెకు చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఉస్తాద్ నేర్పిన రెండు సంగతులు

మా నాన్నది కోంటాలో కిరాణా దుకాణం. ఉప్పు, బెల్లం, ఎండు చేపలు. అన్నలిద్దరూ గల్లాపెట్టె దగ్గర కుదురుకున్నారు. నేను మాత్రం బొగ్గు ముక్క దొరికితే చాలు, బియ్యం బస్తాల మీద అక్షరాలు గీసేవాణ్ణి. ఒకరోజు నాన్నకు చిర్రెత్తి, జగ్దల్‌పూర్‌లో బోర్డులు రాసే ఒక ముసలాయన దగ్గర నన్ను వదిలేసి వచ్చాడు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. నేనూ అంతే.

ఉస్తాద్‌కి హిందీ, అక్కడి హల్బీ భాష వచ్చు. నాకు తెలుగు వచ్చు. మొదటి మూడు నెలలు మా మధ్య మాటలతో పనే పడలేదు, ఎందుకంటే ఆయన నా చేత గీతలు తప్ప ఏమీ గీయించలేదు. నిలువు గీతలు, అడ్డ గీతలు, మళ్ళీ నిలువు గీతలు. కుంచె ఇవ్వమని అడిగితే చీపురిచ్చాడు.

తర్వాత రెండు విషయాలు నేర్పాడు. మొదటిది, రాసేటప్పుడు చదవకూడదు. ఎడమ చేతి వేలు కాగితం మీద ఒక అక్షరం దగ్గర పెట్టాలి, కుడి చెయ్యి రేకు మీద ఆ ఒక్క అక్షరమే వేయాలి. అది అయ్యాక ఎడమ వేలు పక్క అక్షరానికి జరగాలి. "పఢో మత్, దేఖో" అనేవాడు. చదవకు, చూడు అని. చదివితే చెయ్యి తనకు అలవాటైన మాట రాసేస్తుందనీ, చూస్తే ఎదుట ఉన్న మాట రాస్తుందనీ ఆయన లెక్క. ఆ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యే రోజు వచ్చేసరికి నా తల నెరిసింది.

రెండోది కాగితం. బోర్డు రాయించుకునేవాళ్ళు ఏం రాయాలో తమ చేత్తో కాగితం మీద రాసివ్వాలి. పని అయిపోయాక ఆ కాగితాన్ని గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చాలి. ఎన్నేళ్ళైనా అక్కడి నుంచి తీయకూడదు. రేపు ఎవడైనా తప్పు రాశావని పోట్లాటకొస్తే ఆ తీగే మనకు సాక్ష్యం.

నా తప్పులు, నావి కాని తప్పులు

కోంటా తిరిగొచ్చి సొంతంగా పని మొదలుపెట్టాక నేను వేసిన పప్పులో కాళ్ళు చెప్పుకుంటే సిగ్గేమీ లేదు.

తోంగ్‌పాల్ దగ్గర రోడ్డు పక్కన ఒక ధాబాకి రెస్టారెంట్ అని రాయాలి. ఇంగ్లీషులో ఆ మాట మధ్యలో ఏ, యూ జంటగా వస్తాయి. నేను అక్షరాలు మరీ లావుగా వేసుకుంటూ పోయాను, చివరికొచ్చేసరికి రేకులో చోటు లేదు. ఇది తేలేలోపే యూ ఎటో జారిపోయింది. ధాబా యజమాని బోర్డు కేసి చూసి, "తినేటోడు పప్పు చూస్తడు గానీ అక్షరాలు లెక్కపెడ్తడా?" అని నాకు రెండు రొట్టెలు ఎక్కువ పెట్టించాడు. అలాంటి గిరాకీ దొరకడం పూర్వజన్మ సుకృతం.

ఒక ఆసుపత్రి వార్డులో నిశ్శబ్దంగా ఉండండి అని ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. క్వయట్ అనే మాటలో చివరి రెండు అక్షరాలు తిరగేస్తే అది క్వైట్ అవుతుందట, అంటే బాగా, చాలా అని అర్థమట. నేను తిరగేశాను. గనుల టౌన్‌షిప్ నుంచి వచ్చిన ఆంధ్రా డాక్టరమ్మ అది చూసి కుర్చీలో కూలబడి నవ్వింది. "బాగా ఉండండి అని రాశావయ్యా, పోనీలే, రోగులకి మంచి మాటే" అంది. అయినా మర్నాడు దిద్దించింది.

ఇక ఒక బడి పెద్దసారు సంగతి. ఆయన గది తలుపు మీద పేరు, పేరు కింద ప్రిన్సిపల్ అని రాయించుకున్నాడు. ఆ మాట రెండు రకాలుగా రాస్తారట. ఒకటి మనిషికి, ఒకటి నియమానికి. తలుపు మీద నియమం పడింది. ఎవరో పై అధికారి వచ్చి ఎత్తిచూపితే సారు నన్ను పిలిపించి టీచర్లందరి ముందు దులిపేశాడు. నేను ఇంటికెళ్ళి, తీగ నుంచి ఆయన చేత్తో రాసిచ్చిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. అందులోనూ నియమమే ఉంది. సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, కాగితం అటూ ఇటూ తిప్పాడు, చివరికి "పెన్ను సరిగ్గా లేదు" అన్నాడు.

ఆ రోజు నేను బజారంతా కాలరెగరేసుకుని తిరిగాను. కాగితం నా చేతిలో ఉన్నంతకాలం నన్నెవడూ ఏమీ చేయలేడనుకున్నాను. ఉన్నమాట చెప్పాలంటే ఆ తర్వాత నాకు కాస్త పొగరెక్కింది. జనరల్ స్టోర్, టైలర్, స్టేషనరీ, జ్యువెలరీ లాంటి మాటలు వందసార్లు రాసినవే కదా అని ఎడమ వేలు కాగితం మీద పెట్టడం మానేశాను.

ముత్తి దుకాణం

ముత్తి దోర్ల తెగ అమ్మాయి. అత్తగారి వాళ్ళది జగర్గుండా వైపు. గొడవల్లో అక్కడి సంత మూతపడ్డాక వాళ్ళు ఇటు వచ్చేసి, కోంటా చుట్టుపక్కల పొలం పనీ, అడవిలో ఇప్పపువ్వు ఏరడమూ చేసుకుంటూ బతికారు. ముత్తి ఆశ్రమ బడిలో ఎనిమిది దాకా చదివింది. ముప్ఫై దాటాక బడికి ఎదురుగా చిన్న గది తీసుకుని నోటు పుస్తకాలు, పెన్నులు, మ్యాపులు, జిగురు సీసాలు పెట్టింది. వాళ్ళ ఇళ్ళలో అప్పటిదాకా అందరూ దుకాణం ముందు నిలబడినవాళ్ళే. దుకాణం లోపల కూర్చున్నది ఈమే మొదలు.

బోర్డు కోసం వచ్చినప్పుడు రెండు చేతులతో కాగితం ఇచ్చింది. హిందీలో, తెలుగులో, ఇంగ్లీషులో ముత్తి స్టేషనరీ అని ఉంది. బడిలో డిక్షనరీ అడిగి తెచ్చుకుని, దగ్గర పెట్టుకుని రాసిందట. "సక్కగ రాయి మామా, పిల్లలు సూస్తరు" అంది. నేను సరే సరే అని కాగితం ఒకసారి చూసి తీగకు గుచ్చేశాను. నీలం రేకు మీద తెల్ల అక్షరాలు. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, గుమ్మం పైన వెదురు బొంగులకు కట్టారు. బాగుందన్నారు అందరూ. నాకూ బాగుందనిపించింది.

ఇంగ్లీషులో స్టేషనరీ అనే మాట కూడా రెండు రకాలు. కాగితాలు, పెన్నులు అమ్మేదానికి చివరి రెండు అక్షరాల ముందు 'ఈ' వస్తుంది. ఆ 'ఈ' బదులు 'ఏ' పెడితే కదలకుండా ఒకచోట నిలబడి ఉన్నదని అర్థం. ముత్తి బోర్డు మీద 'ఏ' పడింది.

కొన్ని నెలల తర్వాత బడికి కొత్తగా ఇంగ్లీషు మేడమ్ వచ్చింది. తరగతిలో సగం మంది ఆ మాట 'ఏ' పెట్టి రాస్తుంటే, ఎక్కడ నేర్చుకున్నార్రా అని అడిగింది. పిల్లలంతా కిటికీలోంచి ఎదురుగా ఉన్న బోర్డు చూపించారు. మేడమ్ నవ్వి ఊరుకుంది గానీ బజారు ఊరుకోలేదు. పక్క దుకాణాల వాళ్ళకు ఆ ముచ్చట చేరింది. ఇప్పపువ్వు ఏరుకునేదానికి ఇంగ్లీషు ఎందుకనే మాట ముత్తి చెవిన పడేలా అన్నారు.

ముత్తి నా దగ్గరికి వచ్చింది. పోట్లాటకొచ్చిందేమో అనుకున్నాను. కాదు.

"తప్పు నాదే మామా. నేనే తప్పు రాసిచ్చిన. నీ పేరు గూడ ఖరాబు చేసిన" అంది. ఆపైన, "దసరా అయినంక దుకాణం మా మరిదికి ఇచ్చేస్త. అక్షరాల దుకాణం నా తోటి కాదు. నేను మల్ల పొలానికి పోత" అంది.

నేను ఏవో నాలుగు మాటలు చెప్పి పంపించాను. మనసులో మాత్రం హమ్మయ్య, తప్పు నాది కాదు అనుకున్నాను. ఆమె వెళ్ళాక తీగ దగ్గరికెళ్ళి ఆ కాగితం తీశాను. తీసి, చాలా ఏళ్ళ తర్వాత, ఎడమ వేలు ఒక్కొక్క అక్షరం మీద పెట్టి చూశాను. స్టేషనరీలో ఎనిమిదో అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. 'ఈ' ఉంది. గుండ్రంగా, శ్రద్ధగా, డిక్షనరీలో ఉన్నట్టే రాసింది ముత్తి.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ అబద్ధం రాస్తే ఈ రాతకి అర్థం లేదు. ఆ కాగితం పొయ్యిలో వేద్దామా అని కూడా అనుకున్నాను. మా ఆవిడే కనిపెట్టింది. "ఏందయ్యా, కంచం ముందర పెట్టుకొని దిక్కులు చూస్తున్నవ్?" అని నిలదీస్తే కాగితం తీసి చూపించాను. అంతా విని, "ఆ పిల్ల దుకాణం ఇడిసి పోతాంటే నీకు అన్నం ఎట్ల దిగుతది? పోయి చెప్పు" అని కంచం లాగేసింది.

ఖాళీగా ఉన్న ఒక్క అక్షరం

వెళ్ళి చెప్పాను. ముత్తి నమ్మలేదు.

"నువ్వు ఇన్నేండ్ల పేంటర్‌వి, నువ్వెట్ల తప్పు రాస్తవ్? నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవ్" అంది. కాగితం చేతిలో పెట్టాను. కాగితం చూసింది, బోర్డు చూసింది, మళ్ళీ కాగితం చూసింది. "గట్లయితే కాగితమే తప్పయి ఉంటది" అంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన మాట అది. డిక్షనరీ చూసి తన చేత్తో రాసుకున్న అక్షరం కంటే, చూడకుండా నేను గీసిన అక్షరం మీద ఆమెకు నమ్మకం.

"సరే, బోర్డు ఇవ్వు. ఇంటికి తీసుకుపోయి దిద్ది సాయంత్రానికల్లా తెచ్చి కడతా" అన్నాను.

ముత్తి అదిరిపడింది. "బోర్డు దించొద్దు మామా! నీకు దండం పెడ్త, దించొద్దు."

మా బజారులో ఈ పట్టింపు మీకు తెలిసే ఉంటుంది. దుకాణం ఎత్తేసినప్పుడే బోర్డు దించుతారు. సంత రోజున ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి చదువు రాదు. గుమ్మం మీద రంగు చూసి దుకాణం గుర్తుపడతారు. ఒట్టి బొంగులు కనబడితే పాపం మూసేసినట్టుందని వెళ్ళిపోతారు, ఆ మాట పది ఊళ్ళకు చేరిపోతుంది. ముత్తికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ మామగారు ఒకప్పుడు జగర్గుండా సంతలో మూటలు మోసేవాడు. రెండ్రోజుల్లో మళ్ళీ కడతామని అక్కడి షావుకార్లు బోర్డులు దించడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ రెండ్రోజులు ఏళ్ళయ్యాయి. ఆ ముసలాయన బతికున్నంతకాలం ఇంట్లో అదే చెప్పేవాడట.

ఆ మాట విన్నాక నాకు ఒకటి తట్టింది. దుకాణం వదిలేస్తానంటున్న మనిషి బోర్డు దించనివ్వడం లేదు. అంటే ఆమెకు వదలాలని లేదు.

బోర్డు ఉన్నచోటే దిద్దాలంటే నిచ్చెన వేసుకుని రోడ్డు మీద నిలబడాలి. జనం లేని మంగళవారం చూసుకుని గుట్టుగా కానిచ్చేయవచ్చు. కానీ అలా చేస్తే ముత్తి తప్పును పెయింటర్ దిద్దాడనే అంటారు. అందరి ముందు నవ్వులపాలైంది కాబట్టి అందరి ముందే తేలాలి. నేను సంత రోజే ఎంచుకున్నాను.

పొద్దున్నే నిచ్చెన ఎక్కాను. బట్టలారేసే క్లిప్పుతో ముత్తి కాగితాన్ని బోర్డు అంచుకు తగిలించాను. తప్పు అక్షరాన్ని గీకేసి, దాని మీద నీలం రంగు పూశాను. ఇక అది ఆరాలి. ఎండ బాగానే ఉన్నా మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. అప్పటిదాకా ఆ మాట మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ.

ఆ ఖాళీ చేసిన పని నేను చెప్పే ఏ మాటా చేసేది కాదు. వచ్చినవాడల్లా ఆగి తల పైకెత్తాడు. చింతపండు బుట్టతో వచ్చిన ఒక తాత, "అక్షరం కింద పడ్డదా?" అని నిజంగానే నేల మీద వెతికాడు. పక్క బట్టల షావుకారు గట్టిగా, "ఏంది పేంటర్, ముత్తమ్మ తప్పు దిద్దుతున్నవా?" అన్నాడు.

"ముత్తమ్మది కాదు షావుకారూ, నాది. ఆమె సరిగ్గానే రాసిచ్చింది. నేనే చూడకుండా రాసిన. ఇదిగో కాగితం, చూస్కో" అన్నాను. నిచ్చెన మీద నుంచి ఆ మాట అనడానికి ఎంత బలం కావాలో నాకే తెలుసు. అన్నాక మాత్రం ఒళ్ళు తేలికైంది.

బడి మధ్యాహ్నం విడిచిపెట్టారు. పిల్లలు పరిగెత్తుకొచ్చారు, వెనకే మేడమ్ వచ్చింది. కాగితం అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం పైకి చదివింది. "ఇది కరెక్టే! ఎవరిదీ రాత?" అంది. పిల్లలంతా ఒక్కసారిగా ముత్తి వైపు చూశారు. ముత్తి జిగురు సీసాలు సర్దుతున్నట్టు తల వంచుకుని ఉంది.

"మీరు రాసిందేనా అక్కా? డిక్షనరీ చూసి రాశారా? మా పిల్లలకు నేను రోజూ చెప్పేది ఇదే" అంది మేడమ్.

ముత్తి తల ఎత్తింది. "నాదే మేడమ్. నేనే రాసిన" అంది. ఆ మాట మెల్లగానే అంది, కానీ బట్టల షావుకారుకి వినబడింది.

నేను నిచ్చెన ఎక్కి, కాగితం మళ్ళీ బోర్డుకు తగిలించి, ఎడమ వేలు దాని మీద పెట్టి, కుడిచేత్తో తెల్ల రంగుతో 'ఈ' వేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక ముత్తి, "మామా, గా కాగితం నాకియ్యి" అని చెయ్యి చాచింది. తీగకు గుచ్చిన కాగితం ఎవరికీ ఇవ్వకూడదని ఉస్తాద్ మాట. ఇచ్చేశాను. ఆయన ఉంటే ఆయనా ఇచ్చేవాడే.

ఆ వారమంతా నాకు నిచ్చెన దిగే తీరిక లేదు. ముగ్గురు షావుకార్లు ఎవరికీ కనబడకుండా వచ్చి, "మాదాంట్ల గూడ ఏమన్న ఉందా?" అని అడిగారు. ఉన్నాయి, అన్నీ నా చలవే. ఏ ఒక్కరూ బోర్డు దించనివ్వలేదు, అన్నీ వేలాడుతుండగానే దిద్దాను. నగల దుకాణం పెద్దాయన మాత్రం ముట్టుకోనివ్వలేదు. "పూజ చేసిన అక్షరం, దాంతోనే దుకాణం బాగా నడిచింది, పో" అని తరిమేశాడు. ఆ తప్పు ఇప్పటికీ అక్కడ మెరుస్తూనే ఉంది, వెళ్ళి చూసుకోండి.

మీకు చెప్పేది

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. మీ కంప్యూటర్‌కి నాకంటే ఎక్కువ మాటలు తెలుసు. అయినా ఎదుటివాళ్ళు రాసిచ్చిన కాగితాన్ని చులకనగా చూడకండి. వాళ్ళ బట్టలు చూసి వాళ్ళ అక్షరాన్ని కొలవకండి. తప్పు మీదైతే, నలుగురూ ఉన్నప్పుడే చెప్పేయండి. నేను రెండు రోజులు దాచినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ముత్తి దుకాణం మరిదికి వెళ్ళలేదు. ఆ దసరా అయింది, ఎన్నో దసరాలు అయ్యాయి. పోయినేడు పక్క గది కూడా కలుపుకుని పెద్ద ఫ్లెక్స్ వేయించింది. తోడు రమ్మని నన్ను కూడా పిలిచింది. ఫ్లెక్స్ దుకాణంలో కూర్చున్న అమ్మాయి, "ఆంటీ, పేరు చెప్పండి చాలు, స్పెల్లింగ్ కంప్యూటర్ చూసుకుంటది" అంది. ముత్తి వినిపించుకోలేదు. సంచీలోంచి మడతలు పడిన పాత కాగితం తీసి బల్ల మీద పరిచింది. "గిట్ల రాసిన. గిట్లనే వెయ్యి" అంది. ఆ తర్వాత ఎడమ వేలు కాగితం మీద, కుడి వేలు తెర మీద పెట్టి, ఒక్కో అక్షరం జరుపుకుంటూ చివరిదాకా చూసుకుంది.

ఫ్లెక్స్ కట్టడానికి వచ్చినవాళ్ళు పాత రేకు దించబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. కొత్తది దాని మీదే కట్టించింది. నా నీలం రేకు ఇప్పటికీ ఆ ఫ్లెక్స్ వెనకే ఉంది.